రెప్పల మీది వంకాయ రంగు

నేను జీవితంలో చేసిన మోసాల్లో పెద్దది, నా రోగాన్ని నలుగురు ఆడవాళ్ల కనురెప్పల మీద పూయడం. అంటించానని కాదు, పూశాననే అంటున్నాను. బ్రష్షుతో, అద్దం ముందు కూర్చోబెట్టి, వాళ్ల మెప్పు కూడా పొందుతూ.

చిలకలగూడలో మా ఇంటి ముందుగదే నా బ్యూటీ పార్లర్. రెండు కుర్చీలు, గోడంత అద్దం, ముఖానికి ఆవిరి పట్టే యంత్రం ఒకటి, పదకొండేళ్లుగా నాతో పనిచేస్తున్న ఒక ఆవిడ. ఆవిడ వాళ్లది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను మేడమ్ గారూ అంటుంది. ఈ పిలుపుల్లో ఏదో తేడా ఉందని ఇద్దరికీ తెలుసు కానీ ఎవరమూ మార్చుకోలేదు. వెనక గదుల్లో నేను, రైల్వేలో సిగ్నళ్ల పని చూసే మా ఆయన, డెబ్బై నాలుగేళ్ల మా అత్తమ్మ. మాకు పిల్లలు లేరు. ఇంట్లో అల్లరి చేసే బాధ్యత అందుకని మా అత్తమ్మ తీసుకుంది.

కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు మా బస్తీలో ముందు వరసలో నిలబడ్డవాళ్లలో నేనొకదాన్ని. దేశసేవ ఏమీ కాదు. లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా ఆడవాళ్లు పార్లర్‌కు రావడానికి భయపడేవారు. ముఖంలో ముఖం పెట్టి చేసే పని మాది. బడిలో పెట్టిన క్యాంపులో రెండో డోసు పడగానే సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి అద్దం పైన, లక్ష్మీదేవి పటం పక్కన అతికించాను. ఒకరోజు జ్వరం, రెండురోజులు భుజం నొప్పి, అంతే. సర్టిఫికెట్ చూసి పాత గిరాకీ మెల్లగా తిరిగొచ్చింది.

మా అత్తమ్మ మాత్రం వేసుకోలేదు. ఎంత చెప్పినా జాకెట్ చేతిని పైకి జరిపి, చిన్నప్పుడు మశూచికి వేసిన టీకా మచ్చ చూపించేది. రూపాయి బిళ్లంత ఉంటుంది.

"ఇగో, నాది ఎప్పుడో అయిపోయింది. మీరు ఇప్పుడు ఏసుకుంటున్నరు."

"అది వేరే రోగానికి అత్తమ్మా."

"సూది సూదే. రోగానికేం తెలుస్తది, ఇది యే సూది అని."



రెండో డోసు వేసుకున్న మూడు వారాలకో, నాలుగు వారాలకో నా చేతులు బరువెక్కడం మొదలైంది. మొదట తెలిసింది జుట్టు ఆరబెట్టేటప్పుడు. ఒక చేతిలో డ్రయ్యర్, ఇంకో చేతిలో గుండ్రటి బ్రష్, రెండూ కస్టమర్ తలకంటే పైన ఉండాలి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఆ రోజు సగంలోనే చేతులు వాటంతట అవే కిందికి దిగిపోయాయి. నొప్పి కూడా పెద్దగా లేదు. బిందె మోసుకుంటూ నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చినట్టు, ఇక చాలు అన్నట్టు దిగిపోయాయి.

వయసు అనుకున్నాను. నలభై తొమ్మిది. ఎవరికీ చెప్పలేదు. చేతులు పైకి లేవకపోతే కస్టమర్‌ను కిందికి దించాలి, అంతే కదా. మా అత్తమ్మ పూజ పీటను పార్లర్‌లోకి తెచ్చి నేల మీద వేశాను. కస్టమర్‌ను దాని మీద కూర్చోబెట్టి, నేను కుర్చీలో కూర్చుని జుట్టు ఆరబెట్టాను.

"ఇదేం పద్ధతి మేడమ్?" అని అడిగింది ఒకావిడ.

"కేరళ పద్ధతి. నేల మీద కూర్చుంటే రక్తం మంచిగ తలకెక్కుతది. జుట్టు ఊడదు."

వారం తిరిగేసరికి ఇద్దరు ఫోన్ చేసి మరీ కేరళ పద్ధతి కావాలని వచ్చారు. అక్క నా వైపు చూసి నిట్టూర్చి, పీట మీద మెత్త వేసింది.

తర్వాత కనురెప్పలు. ఒక ఉదయం ముఖం కడుక్కుని అద్దంలో చూసుకుంటే రెండు పైరెప్పలూ వంకాయ రంగులో ఉన్నాయి. కొంచెం ఉబ్బి కూడా ఉన్నాయి. కొత్త క్రీము పడలేదేమో అనుకుని మానేశాను. పోలేదు. పైగా రోజురోజుకీ నిండుగా, సమానంగా, నేను ఎంత మంచి బ్రష్షుతో వేసినా రానంత అందంగా తేలింది. చామనఛాయ మీద ఆ రంగు ఎంత బాగుంటుందో నాకు అంతకుముందు తెలియదు.

బ్యాంకులో పనిచేసే ఒక కస్టమర్ థ్రెడింగ్‌కు వచ్చి, కళ్లు మూసుకోవడం మాని నా రెప్పల్నే చూస్తూ కూర్చుంది.

"మేడమ్, ఆ ఐషాడో ఏ కంపెనీది? చాలా నాచురల్‌గా ఉంది."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బయట దొరకదు. నేనే కలుపుకున్న."

"నాకు సుత వెయ్యరాదూ, వచ్చే వారం మా ఆఫీసుల ఫంక్షన్ ఉంది."

ఆవిడ వెళ్లాక అక్క తలుపు దగ్గరగా వేసి, "మేడమ్ గారూ, అది మేకప్ కాదు కదండీ. మీరు పొద్దున సబ్బుతో రుద్దుకోవడం నేను చూశాను" అంది.

"నీకెందుకక్కా. అడిగినోళ్లకు లేదనొద్దు."

ఆ సాయంత్రం అద్దం ముందు కూర్చుని, గోధుమరంగు, ఊదా, కొద్దిగా ఎరుపు కలిపి, ఎడమ అరచేతి మీద వేసుకుని నా రెప్పతో పోల్చి చూసుకుంటూ రంగు తయారుచేశాను. నాలుగోసారికి అచ్చంగా కుదిరింది. చిన్న డబ్బాలో పెట్టి మూత బిగించాను. మూత బిగించడానికి రెండు చేతులూ, మోకాళ్లూ వాడాల్సి వచ్చిందన్న విషయం పట్టించుకోలేదు.

అప్పటికే మెట్లు కష్టంగా ఉండేవి. మంచం మీంచి లేవాలంటే పక్కకు దొర్లి, గోడ పట్టుకుని లేచేదాన్ని. బస్సు ఎక్కడం మానేసి ఆటోలు మాట్లాడుకునేదాన్ని. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక్కో సాకు దొరికేది. బస్తీలో డాక్టరు దగ్గరికి వెళ్తే బలానికి గోలీలు రాసిచ్చాడు. వాటిని శ్రద్ధగా మింగాను. మింగేటప్పుడు నీళ్లు గొంతుకు అడ్డంపడి దగ్గు వచ్చేది. దానికీ ఒక సాకు దొరికింది, నీళ్లు చల్లగా ఉన్నాయని.

సాకు దొరకనిది ఒకటే. మా ఇంట్లో ఉన్నది గొంతుక్కూర్చునే పాతకాలపు మరుగుదొడ్డి. ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్లాను, కూర్చున్నాను, లేవలేకపోయాను. గోడకు పట్టుకోవడానికి ఒక్క కొళాయి తప్ప ఏమీ లేదు. దాన్ని పట్టుకుంటే నీళ్లు వచ్చాయి కానీ నేను లేవలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయట మా అత్తమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏందే, లోపటనే కాపురం పెట్టినవా?"

"అత్తమ్మా, లేస్త లేను."

"ఎందుకు?"

"కాళ్లు వస్తలేవు."

చెప్పులు తలుపు దాకా వచ్చి ఆగాయి. తర్వాత, "గొళ్లెం తీసినవా?" అంది. గొళ్లెం చేతికి అందింది, అదొక్కటే అదృష్టం. ఆవిడ లోపలికి వచ్చి నా చంకల కింద చేతులు వేసి, ముగ్గు పిండి డబ్బా ఎత్తినంత తేలిగ్గా ఎత్తబోయింది. నేను ముగ్గు పిండి డబ్బాను కాదు. ఆవిడ కాలు జారి తలుపుకు ఆనుకుంది, నేను ఆవిడకు ఆనుకున్నాను. ఇద్దరం ఆ ఇరుకులో ఒకరి మెడ ఒకరు పట్టుకుని నిలబడి, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నవ్వడం మొదలుపెట్టాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను. ఆవిడ నా చీర సర్దింది, పట్టుకుని మంచం దాకా తీసుకొచ్చింది. నీళ్లు తాగిస్తూ అన్నది.

"ఆ సూదే. నేను చెప్పలే?"

"నువ్వేం చెప్పినవ్ అత్తమ్మా. నీకు మచ్చ ఉన్నదని చెప్పినవ్, అంతే."

"అదే చెప్పిన."

మా ఆయన ఇంటికొచ్చాక పెద్ద ఆసుపత్రికి పోదామన్నాడు. సరేనన్నాను. కానీ ఆ ఆదివారం బొల్లారంలో ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నాను. అది అయ్యాక పోదామన్నాను. నా సొంత రంగు డబ్బా మొదటిసారి పెద్ద పెళ్లికి వెళ్తోంది, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

పెళ్లికూతురి పిన్నులు ముగ్గురు. ఆఫీసు ఫంక్షన్‌కు నేను రంగు వేసి పంపిన బ్యాంకు కస్టమర్ రెప్పలు చూసి వాళ్లు ముందే చెప్పి ఉంచారు, అదే రంగు కావాలని. ఫంక్షన్ హాల్లో పైగదిలో అక్క పెళ్లికూతురికి పూలజడ కుడుతోంది. నేను కుర్చీలో కూర్చుని పిన్నుల్ని ఒక్కొక్కరినీ ముందు కూర్చోబెట్టుకుని రెప్పలకు రంగు వేశాను. ముగ్గురూ వరసగా అద్దం ముందు నిలబడి కళ్లు మూసి, తెరిచి, ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. ముగ్గురి ముఖాల మీదా నా రెప్పలే. నాకు లోపల ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను.

అప్పుడు పెళ్లికొడుకు తరఫు బంధువు ఒకావిడ కొప్పు వేయించుకోవడానికి లోపలికి వచ్చింది. పొట్టిగా, సన్నగా, బంగారు అంచు కళ్లద్దాలతో ఉంది. పిన్నుల్ని చూసి తలుపులోనే ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి ఒకావిడ గడ్డం పట్టుకుని రెప్పను వెలుతురు వైపు తిప్పి చూసింది. వేలితో కొంచెం తుడిచింది. రంగు వేలికి అంటింది. ఆవిడ ముఖం తేలికపడింది. తర్వాత నా వైపు చూసింది.

"మీరూ అదే వేసుకున్నారా?"

"అదే మేడమ్. నేనే కలిపిన."

"తీసెయ్యండి ఒకసారి."

"ఎందుకు మేడమ్?"

"నేను స్కిన్ డాక్టర్ని. చూద్దామని."

దూదికి మేకప్ తీసే నూనె అద్ది రెప్ప మీద రుద్దుకున్నాను. దూది తెల్లగానే ఉంది. ఇంకో దూది తీసుకున్నాను. అదీ తెల్లగానే ఉంది. అక్క జడ కుట్టడం ఆపి ఇటే చూస్తోంది. పిన్నులు ఫోటోలు దిగడానికి బయటికి వెళ్లారు, అది మంచిదైంది.

డాక్టరమ్మ నా చేయి తీసుకుని వేళ్ల కణుపుల్ని చూసింది. కణుపు కణుపుకూ ఎర్రగా నల్లగా పొక్కుల్లాంటివి. బ్లీచింగ్ పొడి వల్ల వచ్చాయని నేను అనుకుంటున్నవి.

"రెండు చేతులూ పైకెత్తండి."

చెవుల దాకా వచ్చి ఆగాయి.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి."

"కూర్చున్న కాడ మంచిగనే ఉన్నది మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "నీళ్లు తాగితే దగ్గు వస్తోందా?"

ఆ ప్రశ్నకు నాకు మొదటిసారి భయం వేసింది. నేను ఎవరికీ చెప్పని విషయం అది. తలూపాను.

"రేపు పొద్దున నా దగ్గరికి రండి. ఎల్లుండి అనొద్దు. మీ ఆయన్ని తీసుకురండి."

"వస్త మేడమ్. ఒక్క మాట. ఆ ముగ్గురికి చెప్పొద్దు."

"ఏం చెప్పొద్దు?"

"ఆ రంగు ఏడికెళ్లి వచ్చిందో."

డాక్టరమ్మ నా రెప్పల వైపు చూసింది, తలుపులోంచి కనిపిస్తున్న పిన్నుల వైపు చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదలడం నాకు కనిపించింది.

మర్నాడు మొదలైన పరీక్షలు రెండు వారాలు సాగాయి. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది ఒకటుందట, అది వందల్లో ఉండాల్సింది నాకు వేలల్లో వచ్చింది. సూదులు గుచ్చి కండల్లో కరెంటు చూశారు. తొడ మీద చిన్న గాటు పెట్టి కండ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈ కబురు మా అత్తమ్మకు అస్సలు నచ్చలేదు.

"ఎంత తీసిండ్రు?"

"చిక్కుడు గింజంత."

"అసలే బలం లేదని పోతే ఉన్న కండ కోసుకున్నరా? వాపస్ ఇయ్యమనకపోయినవ్."

ఆ మర్నాటి నుంచి వారం రోజులు ఇంట్లో మేక కాళ్ల పాయా వండింది. పోయిన కండకు బదులు.

స్కిన్ డాక్టరు మమ్మల్ని ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన మాట మెల్లగా ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఒంటిని కాపాడాల్సిన బలగం దారితప్పి సొంత కండల మీద, చర్మం మీద పడిందట. జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్. అరుదైనదే కానీ మందులున్నాయి, చాలామంది కోలుకుంటారు, ఓపిక కావాలి అన్నాడు. మా అత్తమ్మ ఆ పేరును నోట్లో రెండు మూడు సార్లు తిప్పి చూసుకుంది. ఇంటికొచ్చాక పక్కింటావిడతో, "ఏమో అమ్మా, మయసభ జబ్బంట. మంచిగ నడుస్తున్నట్టే ఉంటది, పడిపోతది" అని చెప్పడం విన్నాను. చిలకలగూడలో సగం మందికి ఇప్పటికీ నాకు వచ్చింది మయసభే.

ఆ రోజు డాక్టరును నేనే అడిగాను, టీకా వల్లనేనా అని. మా అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది, తీర్పు వినడానికి వచ్చినట్టు.

ఆయన తొందరపడలేదు. "మీకు టీకా తర్వాత వచ్చింది, అది నిజం. టీకా వల్ల వచ్చిందా అంటే మీ ఒక్కరిని చూసి నేను చెప్పలేను. ఇటువంటివి అక్కడక్కడా డాక్టర్లు చూశారు, రాశారు. టీకా లేకుండా, మామూలు జలుబు తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు, ఏదీ లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ ఒంట్లో ముందే సిద్ధంగా ఉన్నదాన్ని అది నిద్రలేపిందేమో. లేక అదే సమయానికి దానంతట అదే లేచిందేమో. టీకా తర్వాత వచ్చిన జబ్బు అని ఫారం నింపి పంపుతాను. అది నా బాధ్యత. కానీ అదే కారణమని రాయను, కాదనీ రాయను."

"మరి నేనెవరిని తిట్టుకోవాలె సార్?" అన్నాను.

హాస్యానికే అన్నాను.  ఆయన పెన్ను మూత పెట్టి, "నన్ను తిట్టండి. మందులు చేదుగా ఉంటాయి, తిట్టడం మీకే అలవాటవుతుంది" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు కోపం చాలా రోజులు ఉంది. ఎవరి మీద అంటే చెప్పలేను. నేనే వరసలో ముందు నిలబడి, నేనే చేయి చాపి, సర్టిఫికెట్ అద్దానికి అతికించుకున్నాను. వీధిలో అందరూ వేసుకున్నారు, అక్క వేసుకుంది, మా ఆయన వేసుకున్నాడు, ఎవరికీ చీమ కుట్టినంత కూడా కాలేదు. కస్టమర్లు అడిగితే ఒకరోజు టీకా వల్లే అనేదాన్ని, ఇంకోరోజు కాదనేదాన్ని. అవునన్న రోజు వాళ్లు భయపడి వెళ్లేవారు. కాదన్న రోజు మా అత్తమ్మ లోపలి నుంచి దగ్గేది. చివరికి "టీకా తర్వాత" అనడం నేర్చుకున్నాను. అది అబద్ధం కాదు.

ఆ రెండు వారాల్లో నవ్వు రాని రోజులు మూడు. ఈ జబ్బు ఈ వయసులో వస్తే ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ దాక్కుని ఉందేమో వెతకాలట. కడుపు, ఊపిరితిత్తులు, రొమ్ములు అన్నీ స్కాన్ చేసి, ఫలితం మూడు రోజుల తర్వాత అన్నారు. ఆ మూడు రోజులు మా ఆయన డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గర రెండుసార్లు ఆగేవాడు. అక్క మధ్యాహ్నం పనిలేనప్పుడు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది, నాకు వినపడకుండా. మా అత్తమ్మ మొదటిసారి సూది మాట ఎత్తలేదు. నా పక్కన కూర్చుని, నేను చేతులు ఎత్తలేను కాబట్టి, నా జుట్టు దువ్వి జడ వేసింది. గట్టిగా, చిన్నపిల్లలకు వేసినట్టు, రెండు జడలు. నేను వద్దనలేదు. ఆ రెండు జడలతోనే ఫలితం తెలుసుకోవడానికి వెళ్లాను. ఏమీ లేదన్నారు. బయటికొచ్చి మా ఆయన నా జడలు చూసి, "ఇట్లనే వచ్చినవా ఇంతదాక?" అన్నాడు. మూడు రోజుల్లో అతను నన్ను సరిగా చూసింది అప్పుడేనని అర్థమైంది.

తర్వాత స్టెరాయిడ్లు. వాటి గురించి డాక్టరు అన్నీ చెప్పాడు కానీ ఆకలి గురించి సరిగా చెప్పలేదు. పొద్దున ఉప్మా తిని, అక్క టిఫిన్ డబ్బా వైపు చూసేదాన్ని. ఉస్మానియా బిస్కెట్లు పౌడర్ డబ్బాలో దాచుకుని, కస్టమర్ ముఖానికి ప్యాక్ వేసి కళ్ల మీద కీరా ముక్కలు పెట్టగానే తినేదాన్ని. ఒకసారి కీరా ముక్క కూడా తినేశాను. ఆవిడ కళ్లు తెరిచి, "ఇంకోటేది?" అంది. జారిపోయిందన్నాను.

ఆరు వారాల్లో ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా అయింది. బుగ్గలు నిండి, ముడతలన్నీ పోయాయి. కస్టమర్లు మళ్లీ మొదలుపెట్టారు. "మేడమ్, ఏం ఫేషియల్ చేసుకుంటున్నరు, పదేళ్లు తగ్గినరు" అని. ఈసారి అక్క నా కంటే ముందే, "అది అందరికీ పడదండీ" అని చెప్పేసింది. ఆవిడకు నా మీద నమ్మకం పోయింది, న్యాయమే.

మందు పనిచేసింది. మింగడం మొదట బాగైంది, తర్వాత కాళ్లు, చివరికి చేతులు. స్టెరాయిడ్ తగ్గిస్తూ ఇంకో మందు మొదలుపెట్టారు. అప్పుడే డాక్టరు ఒక మాట అన్నాడు. ఈ మందులు దారితప్పిన బలగాన్ని అణుస్తాయి, దాంతో పాటు మంచి బలగాన్నీ అణుస్తాయి, కాబట్టి కోవిడ్ లాంటిది తగిలితే నాకు కష్టం. నేను ఇంకో డోసు వేసుకోవాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిద్దాం, ముందు ఇంట్లోవాళ్లందరూ టీకాలు పూర్తిగా వేసుకుని ఉండాలి అన్నాడు.

మా అత్తమ్మ పక్కనే ఉంది.  జాకెట్ చేతి మీద చేయి వేసుకుని మచ్చను కప్పుకుంది. నేనూ అడగలేదు. నాకు వచ్చిన జబ్బును కళ్లారా చూసిన మనిషిని, ఆ సూదే అని నమ్మే మనిషిని, ఏ ముఖంతో అడగను?

వారం తర్వాత ఆవిడ నేరేడ్‌మెట్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి పోతానంది. రెండురోజులుండి వచ్చింది. వచ్చినప్పుడు ఎడమ చేయి ఒంటికి అదిమి పట్టుకుని ఉంది.

"చెయ్యికేమైంది అత్తమ్మా?"

"కారం దంచిన."

"పిన్నమ్మ ఇంట్ల మిక్సీ ఉన్నది కదా."

"మిక్సీల పట్టిన కారం కారమేనా?"

ఎడమ చేత్తో దంచావా అని అడగబోయి ఆగాను. ఆ సాయంత్రం పిన్నమ్మ ఫోన్ చేసింది. "మా అక్కకు జరం తగ్గిందా బిడ్డా? సూది ఏసుకున్నంక దినమంత చెయ్యికి కాపడం పెట్టుకుంటనే పండుకున్నది, కోడలికి చెప్పకుమని ఒట్టు ఏయించుకున్నది" అని, చెప్పేశాక నాలుక కరుచుకుంది. నేను విననట్టే పెట్టేశాను.

రాత్రి అన్నం పళ్లెం పక్కన ఒక పారాసిటమాల్ పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, "బీపీ గోలీ తెల్లగ మారిందా?" అంటూ మింగింది. మా ఆయన తల దించుకుని చారు కలుపుకున్నాడు.

ఎంత గుండె కావాలి దానికి. కోడలిని కుర్చీలోంచి లేవకుండా చేసిందని తను నమ్మే సూదిని, అదే కోడలి కోసం పోయి వేయించుకుంది. ఎంతసేపు ఆ వరసలో నిలబడిందో, ఏమనుకుంటూ చేయి చాపిందో నాకు తెలియదు. అడిగితే చెప్పదు. ఒకటి రెండుసార్లు అడిగి చూశాను.

"మరెందుకు పోయినవు అత్తమ్మా?"

"యాడికి?"

అంతే. పైగా మర్నాడే పక్కింటావిడతో, "సూదులే చేసినయమ్మా ఇదంతా" అని ఎప్పటిలాగే చెప్పింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చెల్లెలి ఇంటికి సంచీ సర్దుకుంటుంటే మా ఆయన పేపర్ మీంచి తల ఎత్తకుండా, "మళ్లీ కారం దంచేదున్నదా అమ్మా?" అన్నాడు.

"ఈసారి పసుపు" అంది.

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. పూర్తిగా అని చెప్పను. రెప్పల రంగు పోయింది, వేళ్ల కణుపుల మీద కొంచెం మచ్చలున్నాయి. ఎండలోకి వెళ్తే గొడుగు, మోచేతులు దాటే జాకెట్లు. చిన్న డోసు గోలీ రోజూ ఒకటి, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. జుట్టు ఆరబెట్టే పని అక్క చేస్తుంది, నేను థ్రెడింగ్, మేకప్ చూస్తాను. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన లేచి కూర్చునే వ్యాయామం రోజూ చేస్తాను. మా అత్తమ్మ లెక్కపెడుతుంది. పదిసార్లు చేయమంటే ఆరు, ఏడు, పది అని నాకు సాయం చేస్తుంది.

మొన్నామధ్య వంటింట్లో ఒలవని పచ్చి బఠానీ కాయల గిన్నె కింద పడింది. నేల మీద కూర్చుని ఏరుకున్నాను. ఏరుకున్నాక చేయి దేనికీ ఆనించకుండా, మోకాలి మీద కూడా పెట్టకుండా లేచి నిలబడ్డాను. రెండేళ్లలో మొదటిసారి. చూడటానికి ఎవరూ లేరు. అది నాకు నచ్చలేదు. మా అత్తమ్మను కేకేసి పిలిచాను. "చూడు, మల్ల చేసి చూపిస్త" అని నేల మీద కూర్చున్నాను.

రెండోసారి లేవలేకపోయాను.

ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి చూసింది. "లే మరి."

"ఇప్పుడే లేచిన అత్తమ్మా, ఒట్టు."

"నేను జూడలే."

"జెరసేపాగు, మల్ల లేస్త."

ఆగడానికి ఆవిడ కూడా నా పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరం బఠానీలు ఒలిచాం. ఒలవడం అయిపోయింది. ఆవిడ లేవబోయింది. మోకాళ్లు పట్టేశాయి. గట్టు పట్టుకుందామంటే అందలేదు. నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. పార్లర్ మూసేసి అక్క వెళ్లిపోయి చాలాసేపైంది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి మేము ఒలిచిన తొక్కల మధ్య గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాం. అతను తలుపులో ఆగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైంది?"

"ఏమైతది. మాట్లాడుకుంటున్నం" అంది మా అత్తమ్మ. "పోయి చాయ్ పెట్టు."